కంబదూరులో పడవలు

ఆ రోజుల్లో తాలూకా ఆఫీసు గుమాస్తాకు తెలివికంటే డ్రాఫ్టు ముఖ్యం. డ్రాఫ్టు అంటే ఎవరో ఒకసారి బాగా రాసి, పైవాళ్ల చేత తిట్లు తినకుండా బయటపడ్డ ఇంగ్లీషు కాగితం. పేర్లూ తేదీలూ మార్చుకుంటూ పోతే ఒక్కొక్కటి పదేళ్లు పనికొచ్చేది. మేము తెలుగులో ఆలోచించి, సంతలో కన్నడంలో బేరమాడి, కోపమొస్తే ఉర్దూలో తిట్టుకునేవాళ్లమే కాని, పై ఆఫీసుకు మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి. అందుకే మంచి డ్రాఫ్టు ఉన్నవాడికి మా లోకంలో మర్యాద ఎక్కువ. రాయదుర్గంలో ఒక అన్న దగ్గర సెలవు చీటీలే పదకొండు రకాలుండేవి (వాటిలో మూడింట్లో వాళ్ల అవ్వ చచ్చిపోయేది). తాడిపత్రి మిత్రుడి దగ్గర పొలం గట్ల తగాదాల మీద ఒకటి ఉండేది, చదివితే ఎవరిది తప్పో ఎవరికీ తెలిసేది కాదు. బస్సు కండక్టర్ల చేతుల మీదుగా ఈ కాగితాలు ఊరూరా తిరిగేవి. ఒకటి కావాలంటే ఒకటి ఇవ్వాలి. నేను చేరి ఏడాది కూడా కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, అయినా నాకూ ఒక సొంత సరుకు ఉండేది. అది ‘ఆలస్యానికి సంజాయిషీ’. రోజూ ఆలస్యంగా వెళ్లడం వల్ల ఆ విద్యలో నాకు ఎదురుండేది కాదు.

ఆ ఏడు వానలు పూర్తిగా మొహం చాటేశాయి. వేరుశెనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది. మా తాలూకాలోని కంబదూరు వైపు పల్లెల పరిస్థితి మీద వెంటనే నివేదిక పంపమని పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. ఆ పని నా బల్ల మీద పడింది. అలాంటి నివేదిక నేను జన్మలో రాయలేదు. మా ఆఫీసుకు గోదావరి జిల్లా నుంచి బదిలీ అయి వచ్చిన ఒకాయన ఉండేవాడు. అందరం గోదారాయన అనేవాళ్లం. ఆయన దగ్గర అట్ట వేసిన లావుపాటి నోటుబుక్కు, దాని నిండా డ్రాఫ్టులు. నా సంజాయిషీని ఆయనకు ముట్టజెప్పి, ‘వాతావరణ, పంటల పరిస్థితి’ అన్న నాలుగు పేరాల డ్రాఫ్టు సంపాదించాను.

“తీసుకోవోయ్ తమ్ముడూ. ఊళ్ల పేర్లు మార్చుకో, అంతే. మిగతాది ముట్టుకోకు, పాడైపోద్ది” అన్నాడాయన.

నేను ఆయన మాట అక్షరాలా పాటించాను. మొదటి మూడు పేరాల్లో ఊళ్లు మార్చాను, తేదీలు మార్చాను, ‘వరి’ ఉన్నచోట ‘వేరుశెనగ’ పెట్టాను. నాలుగో పేరా నాకు సరిగా అర్థం కాలేదు. ‘ఇనండేషన్’ తగ్గుముఖం పట్టిందని ఉంది. అదేదో ఇన్‌స్పెక్షన్‌కు దగ్గరి చుట్టమై ఉంటుందనుకున్నాను. నాలుగు ‘కంట్రీ క్రాఫ్టు’లను మరో వారం కొనసాగించాలని ఉంది. కంట్రీ అంటే పల్లె, క్రాఫ్టు అంటే చేతిపని, బడిలో చెప్పారు కదా. కరువులో జనానికి బుట్టలల్లే పని పెట్టమంటున్నారు కాబోలు, మంచిదే కదా అని ఉంచేశాను. మా హెడ్ గుమాస్తాను చుక్కలాయన అనేవాళ్లం. ఏ కాగితమైనా ఆయన చూసేది వాక్యాల చివర చుక్కలు సరిగా పడ్డాయా లేదా అని మాత్రమే. నా చుక్కలన్నీ సరిగా ఉన్నాయి. తాసిల్దారుగారు క్యాంపుకు బయల్దేరుతూ జీపులో కూర్చునే సంతకం చేశారు.

పది రోజులకు పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. చుక్కలాయన దాన్ని చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, నన్ను పిలిచాడు.

“ఏమప్పా, కంబదూరు కాడ వరద తగ్గతాండాదని రాసినావంట. ఏ ఏరు పొర్లిందో పేరు చెప్పమంటాండారు.”

“వరదేంది సార్? నేను వరదని యాడా రాయలేదే!”

“నాలుగు పడవలు ఇంకా తిప్పాలన్నావంట. అవి యాడ నుంచి తెప్పించినారని అడుగుతాండారు. శుక్రవారం ఆ ఆఫీసు పెద్దాయనే చూసేదానికొస్తాడంట.”

గోదారాయన వైపు చూశాను. ఆయన నోటుబుక్కు మూసి సొరుగులో పెట్టేశాడు. చుక్కలాయన నన్ను వెంటబెట్టుకుని తాసిల్దారుగారి గదిలోకి వెళ్లాడు. ఇనండేషన్ అంటే ఇన్‌స్పెక్షన్ లాంటిదనీ, కంట్రీ క్రాఫ్టు అంటే బుట్టలల్లడమనీ అనుకున్నానని చెప్పాను. తాసిల్దారుగారు కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు. నవ్వు ఆపుకున్నారో కోపం ఆపుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

“తప్పు నీ ఒక్కనిదే కాదులే, సంతకం నాది” అన్నారు. “రేపు పొద్దున కంబదూరు బస్సెక్కు. బాయిలు చూడు, పశువుల్ని చూడు, మనుషుల్ని అడుగు. చూసిందే రాయి. చూడనిది ఒక్క ముక్క రాసినావో, మళ్లా ఈ మెట్లెక్కొద్దు.”

మర్నాడు ఒక తాడు, దాని కొసకు కట్టుకోవడానికి ఒక రాయి తీసుకుని బస్సెక్కాను. కంబదూరులో దిగి ఎండలో నడిచి ఒక పల్లె చేరాను. బావి దగ్గర ఒక ముసలమ్మ నీళ్లు చేదుతూ నా చేతిలో తాడు చూసింది.

“ఏమప్పా, తాడు పట్టుకోనొచ్చినావు, బాయిలో ఎవురన్నా పడినారా?”

“లేదవ్వా. నీళ్లెంతుండాయో కొలిచి సర్కారుకు రాయాల.”

“కొలిచేదానికి ఏముండాదప్పా? పోయినేడు ఒక తూరి బొక్కెన వేస్తే కడవ నిండుతాండె. ఇప్పుడు ఆరు తూర్లు వేయాల. అందులో సగం బురద. అదే రాయి.”

రాయి కట్టిన తాడు దించాను. తడిసినంత మేర జానెడు కూడా లేదు. అక్కడి నుంచి ఇంకో నాలుగు పల్లెలు తిరిగాను. ఒకచోట ఒక రైతు తన గుడిసె ఎక్కి పైకప్పు బోదగడ్డి పీకి కింద పడేస్తున్నాడు. కొత్తది కప్పుతావా అన్నా అని అడిగాను.

“కప్పేదానికి యాడుండాదప్పా! ఎనుముకు మేత. ఒక ఎనుమును మొన్ననే అమ్మేస్తి. దీన్నన్నా నిలబెట్టుకోవాల” అన్నాడు. పక్కనే ఆ ఎనుము తన ఇంటి కప్పునే నెమ్మదిగా నములుతోంది.

తిరిగొచ్చి నివేదిక రాయడానికి కూర్చుంటే ఏ డ్రాఫ్టూ గుర్తుకు రాలేదు. వచ్చిన ఇంగ్లీషులోనే పొట్టి పొట్టి వాక్యాలు రాశాను. నిరుడు కడవకు ఒక బొక్కెన, ఇప్పుడు ఆరు. ఒక ఇంటి కప్పు ఎనుము తింటోంది. ఇంకో ఎనుమును అమ్మేశారు. చుక్కలాయన చదివి, “ఒక్క పేజీలో ఇన్ని చుక్కలు నా సర్వీసులో చూల్లేదప్పా” అని మురిసిపోయాడు. తాసిల్దారుగారు ఈసారి జీపులో కాదు, కుర్చీలో కూర్చుని రెండుసార్లు చదివి, ఏమీ దిద్దకుండా సంతకం చేశారు. శుక్రవారం పెద్దాయన వచ్చాడు. పడవల సంగతి ఎత్తుతాడేమోనని జీపు వెనక సీట్లో బిగుసుకుని కూర్చున్నాను. ఆయన ఎత్తలేదు. బావి దగ్గర దిగి, కోటు విప్పి, బొక్కెన తానే వేసి, ఆరుసార్లూ తానే లెక్కపెట్టాడు. తరువాత సర్కారు నుంచి పశువులకు గడ్డి వచ్చింది, బావుల పూడిక తీయించారు. మేము అడిగినంత రాలేదు, అడిగినప్పుడూ రాలేదు, కాని వచ్చింది. నా ఉద్యోగమూ నిలిచింది.

తమాషా ఆ తరువాత జరిగింది. ఈ సంగతి తెలిసి రాయదుర్గం అన్న, తాడిపత్రి మిత్రుడు, ఇంకా ముఖం తెలియని నలుగురైదుగురు నా కరువు డ్రాఫ్టు కావాలని కబురు పెట్టారు. గోదారాయన కూడా అడిగి తీసుకుని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. ‘మీ ఊళ్లో చూసి రాసుకోండి’ అని ప్రతి నకలు మీదా ఎర్ర సిరాతో రాసి పంపాను. నెల తిరక్కుండానే పై ఆఫీసుకు మూడు తాలూకాల నుంచి నివేదికలు వెళ్లాయి. మూడింటిలోనూ కడవకు ఆరు బొక్కెనలే, మూడింటిలోనూ ఇంటి కప్పు తినే ఎనుము ఒకటి. జిల్లాలో కడవలన్నీ ఒకే కుమ్మరి చేస్తాడా అని పెద్దాయన అడిగాడట. చుక్కలాయన ఆ మాట నాకు చెప్పి, “ఎర్ర సిరా ఎవురు చదువుతారప్పా” అన్నాడు.

ఆ తరువాత నేను డ్రాఫ్టులు చూసి రాయడం మానేశానని చెబితే అబద్ధమవుతుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో చాలా చూసి రాశాను, చాలామందికి ఇచ్చాను, కాకపోతే అర్థం తెలియని మాట దగ్గర ఆగడం నేర్చుకున్నాను. అప్పుడప్పుడు ఆ ఇరవై ఏళ్ల కుర్రవాణ్ని తలుచుకుంటాను. నాలుక కొస బయటపెట్టి, నీళ్లే లేని చోట వరదనూ పడవలనూ ముత్యాల్లాంటి అక్షరాలతో దించుతున్నాడు. వాడి మీద కోపం రాదు. ఇప్పుడు నాకు ఆ మాటలన్నిటికీ అర్థాలు తెలుసు. అక్షరాలే వంకరపోయాయి.