టీచరమ్మ పద్మిని, మా నాన్న అంబాసిడర్

మా పక్కింటి టీచరమ్మ పోయిన శుక్రవారం కన్నుమూశారు. నందిగామలో ఉంటున్న నాకు నాన్నే ఫోన్ చేశాడు. "టీచరమ్మ పోయిందిరా" అని పెట్టేశాడు. కార్ల గురించి వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి వాదించుకున్నారని మా ఊరు వత్సవాయిలో తెలియనివాళ్లు లేరు.

ఆమెది పద్మిని, నాన్నది అంబాసిడర్. ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పే మనిషి కనుక ఎవరు ఏ మాట అన్నా "ఎందుకు?" అని అడగనిదే వదిలేవారు కాదు. "నాది పద్నాలుగొందల ఎనభై తొమ్మిది సీసీ. మీది వెయ్యి ఎనభై తొమ్మిదే" అని నాన్న మీసం తిప్పితే, "ఇంజన్ పెద్దదేనండీ అన్నయ్యగారూ. అది లాగాల్సిన ఇనుమూ ఎక్కువే కదా?" అనేవారు.

ఒక ఆదివారం ఆవిడ చర్చి నుంచి రాగానే రెండు కార్ల ట్యాంకులూ ఖాళీ చేయించి, లీటరు చొప్పున పెట్రోలు పోయించి, గరికపాడు వైపు బయల్దేరదీశారు. అంబాసిడర్ ఆగిన చోటు దాటి పద్మిని చాలా దూరం వెళ్లింది. "మేం ఐదుగురం ఎక్కాం, మీరొక్కరే" అని నాన్న పేచీ పెట్టాడు. "న్యాయమే" అని ఒప్పుకుని, మరుసటి ఆదివారం ఆవిడ కూడా ఐదుగురితో నడిపారు. ఈసారీ పద్మినే ముందు, కానీ తేడా బాగా తగ్గింది. ఆ సంగతి ఊరందరికీ చెప్పింది ఆవిడే! గెలిచినవాళ్లు అలా చెప్పడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మా ఆవిడకు నెలలు నిండకముందే నొప్పులొచ్చిన మధ్యాహ్నం ఇంట్లో నాన్న ఒక్కడే ఉన్నాడు. కంగారుగా పక్కింటికి కేకేశాడు. టీచరమ్మ పరుగున వచ్చి, "అంబాసిడర్ తాళాలివ్వండి. వెనక సీటు వెడల్పు, అమ్మాయి పడుకోవచ్చు. గతుకులకీ అదే నయం" అన్నారు. తానే నడిపి జగ్గయ్యపేట ఆసుపత్రికి చేర్చారు. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవారు కాదన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో నాన్న కళ్లు తుడుచుకుంటూ, "ఒప్పుకుంటున్నా టీచరమ్మా. మీ పద్మినే గొప్పది" అన్నాడు.

ఆవిడ కస్సుమన్నారు. "మీ బండిలో తీసుకొచ్చి నా బండి గొప్పదంటారేంటండీ? ఊరికే మార్కులెయ్యకండి. కారణం చెప్పండి, తీసుకుంటా."

అప్పట్నుంచీ నాన్న కారణాలు వెతుకుతూనే ఉన్నాడు. పద్మిని ఇరుకు సందులో ఒక్క తిప్పుకే మళ్లుతుందన్నాడు. "చిన్న బండి కాబట్టి" అని కొట్టిపారేశారు. క్లచ్ మెత్తగా ఉందన్నాడు. "మొన్నే మార్పించా" అన్నారు. ఆయన చెప్పాలనుకుంటున్నది కృతజ్ఞత అని ఆవిడకు తెలుసు. దాన్ని పుచ్చుకోవడం మాత్రం ఆవిడకు చేతకాలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఎవరో పరాచికానికి, "ఇప్పుడన్నా పద్మినే గొప్పదని ఒప్పేసుకోండి పెద్దాయనా. అడ్డం చెప్పేవాళ్లు లేరుగా" అన్నారు.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "కారణం లేకుండా ఒప్పుకుంటే ఆవిడ ఊరుకోదు."

మర్నాడు కాఫీ ఇద్దామని చూస్తే నాన్న ఇంట్లో లేడు. టీచరమ్మ వాకిట్లో పద్మిని బానెట్ ఎత్తి ఉంది. ఎనభై దాటిన మా నాన్న దాని మీదకు వంగి, జారుతున్న కళ్లజోడు ఎగదోసుకుంటూ, లోపల ఒక్కొక్కటే చేత్తో తడిమి చూస్తున్నాడు.