పదిహేడో నంబరు బావి గీత

కమలాపురం చుట్టుపక్కల ముప్పై ఆరు బావుల్లో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో కొలిచి, నెలనెలా కడపకు పంపేవాళ్లు. అక్కడ ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పద్మప్రియ కంప్యూటర్ ఆపరేటరు. ఆ అంకెలను ఎక్సెల్‌లో ఎక్కించడం ఆమె పని. 2001 నుంచి మూడేళ్లు వానలు సరిగా లేవు. మొదట్లో అంకె పెరిగినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. తర్వాత అదీ పోయింది. డెబ్బై, నూరు, నూట ముప్పై. వేళ్లు వాటంతటవే కొట్టుకుంటూ పోయేవి.

2004 ఎండాకాలంలో పై అధికారి రాఘవేంద్రప్రసాద్ కొత్త పని చెప్పాడు.

"గ్రాఫులో ఉత్త చుక్కలు చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదమ్మా. ప్రతి బావికీ సగటు గీత ఒకటి, ట్రెండ్ గీత ఒకటి వెయ్యి. ట్రెండ్‌ను ఇంకో రెండేళ్లు ముందుకు పొడిగించు."

సగటు గీత అడ్డంగా, తిన్నగా వచ్చింది. ట్రెండ్ గీత చుక్కల నడుమ నుంచి కిందికి వాలుతూ వచ్చింది. పదిహేడో బావి పద్మప్రియ వాళ్ల నాయన నాగసుబ్బయ్య చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, రెండు చేల అవతల ఉంది. నాయన బోరు లోతు నూట అరవై అడుగులు. పొడిగించిన గీత 2006 మొదట్లోనే ఆ లోతు దాటింది. ఆమె ఫైలు సేవ్ చేసి తర్వాతి బావి తెరిచింది.

ఆ వారంలోనే నాగసుబ్బయ్య మోటారు బాగు చేయించడానికి కడపకు వచ్చి, కూతురి ఆఫీసులో కాసేపు కూర్చున్నాడు. ఆమె ఆ గ్రాఫు చూపించింది.

"ఈ అడ్డగీత కాడ నీళ్లుండాయామ్మా?"

"లేవు నాయనా. అది సగటు. మూడేండ్లవి కలిపి పంచితే వచ్చేది. ఇప్పుడు నీళ్లు శానా కిందుండాయి."

"ఈ వాలుగీత?"

"ఇట్లే పోతే రెండేండ్లలో మన బోరు ఎండిపోతాది."

"ఇట్లే పోతాదని ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. పాత అంకెల్ని బట్టి మిషను గీసింది."

ఆయన తెర మీద వాలుగీత వెంబడి వేలు జరిపాడు. "మరి ఏం జెయ్యమంటావు?"

"చెట్లు కొట్టేయ్ నాయనా. ఉండే నీళ్లు జొన్నకు పెట్టుకో."

అంకె చదివినట్టే చెప్పింది ఆ మాట.

నూట ఇరవై చెట్లు. తొమ్మిదేళ్ల కాపు. నాలుగు రోజుల్లో కొట్టేశారు. పద్మప్రియ ఆదివారం ఊరికి వెళ్లేసరికి తల్లి రాజ్యలక్ష్మమ్మ కొమ్మలు కట్టలు కడుతోంది. కూతురు కూడా పక్కన కూర్చుని కట్టింది. పక్క చేని ఓబులమ్మ మాత్రం తన తోట కొట్టనంది. యాభై చెట్లకు బిందెలతో నీళ్లు మోసింది. పదో పన్నెండో ఎండిపోయాయి, మిగిలినవి నిలిచాయి.

2005లో వానలు పడ్డాయి. శీతాకాలానికల్లా పదిహేడో బావిలో నీళ్లు అరవై ఎనిమిది అడుగులకు వచ్చాయి. పద్మప్రియ ఆ అంకె కొట్టగానే ట్రెండ్ గీత కొస పైకి లేచింది. సగటు కొంచెమే కదిలింది. ఆమె చేతులు మీటల మీద పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. మధ్యాహ్నం క్యారియర్ విప్పి అన్నం తినింది.

ఊరికి వెళ్లినప్పుడు చెప్పింది. "నాయనా, ఆ గీత మారిపోయినాది."

"మారదా మల్ల? వానొచ్చె గదా," అన్నాడాయన. జొన్న కంకులు నూర్చే పనిలో ఉన్నాడు, తల ఎత్తలేదు. కోపం ఉందో లేదో ఆమెకు తెలియలేదు. అడగలేదు కూడా.

ఆ తర్వాత పల్లెల నుంచి రైతులు ఆఫీసుకు వస్తే గ్రాఫు చూపించేది, అంకెలు చదివి వినిపించేది. "ఏం జెయ్యమంటావమ్మా?" అంటే, "అది మీరే అనుకోవాలప్పా," అనేది.

2007లో నాగసుబ్బయ్య నలభై చీనీ మొక్కలు తెచ్చి నాటాడు. నాటే ముందు కూతుర్ని ఏమీ అడగలేదు.