గుంజల మీద నిలిచిన ఇల్లు

హైటెక్ సిటీలో అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. అక్కడో ఆఫీసులో పనిచేసే నా మిత్రుడు మూర్తి ఒక ఆదివారం ఫోన్ చేశాడు. వాళ్ళ ఆవరణలో విదేశీ అతిథుల కోసం పాత గడ్డికప్పు ఇల్లొకటి కొని, విప్పి తెచ్చి నిలబెడతారట. అది ప్రస్తుతం ఖాజాగూడలో ఉందట.

"చూడాలంటే రేపే వెళ్ళండి, విప్పేస్తున్నారు. తర్వాత పాస్ ఉంటేగానీ చూడలేరండి," అన్నాడు.

పాత కట్టడాలంటే నాకు పిచ్చి. మర్నాడు పొద్దున్నే మియాపూర్‌లో బస్సెక్కాను. కొండాపూర్ దాటాక పక్క సీటాయన కిటికీలోంచి బండరాళ్ళు చూపించాడు. "ఇవన్నీ పగలగొట్టి ప్లాట్లేస్తరు. జర ఆగితే మంచి ఊరైతది." గచ్చిబౌలిలో దిగి చాయ్ తాగి, షేర్ ఆటోలో ఇరుక్కుని ఖాజాగూడ చేరాను. అటు వెళ్ళేవారు మంచినీళ్ళు వెంట ఉంచుకోవాలి.

ఇల్లు చెరువు దారిలో ఉంది. అప్పటికే కూలీలు కప్పెక్కారు. అరుగు మీద కూర్చున్న అరవయ్యేళ్ళ అంజమ్మ ఇంటి యజమానురాలు.

"మా మామ కట్టిండు," అంది. "నేను కాపురానికొచ్చినంక ఓ వానకాలం నాలుగు గోడలూ పడ్డయి. ఇల్లు మాత్రం పడలే. చీరలు అడ్డం కట్టుకొని గీ గుంజల నడుమనే ఉన్నం. నా పెద్దబిడ్డ అప్పుడే పుట్టింది."

కప్పు బరువంతా గుంజలదే. గోడలు చాటు కోసమే.

"ఇంత మంచి ఇల్లు ఉంచుకోవచ్చు కదమ్మా?" అన్నాను.

"నువ్వుంటవా సారూ? ఉంటనంటె ఇప్పుడే ఆపిస్త."

నేను చెరువు వైపు చూశాను.

గడ్డి దిగింది, వాసాలు బయటపడ్డాయి. గుంజ తలలో తొలిచిన గాడిలో దూలం ఒదిగి కూర్చుంది, చెక్క మేకులతో. ఇనుము జాడ లేదు. వెనక రెండు గుంజలకు మాత్రం ఏ దూలమూ కూర్చోని పాత గాడులున్నాయి.

"అవి మా అత్త పుట్టింటియి. ఆ ఇల్లు ఇప్పితే బండి మీద తెచ్చిన్రు," అంది అంజమ్మ.

అంటే ఈ ఇంటికి మకాం మార్చడం కొత్త కాదు. ఆమె పెట్టిన జొన్నరొట్టె తింటూ అతుకుల బొమ్మలు గీసుకున్నాను. కూలీలు బీడీలకు కూర్చుంటే, తర్వాతి అతుకు ఎప్పుడు విప్పుతారని మేస్త్రీని తొందరపెట్టాను.

"ఇల్లు ఇప్పొద్దన్న సారు నువ్వే కదా?" అన్నాడతను.

సాయంత్రం గుంజలూ దూలాలూ ట్రాక్టరెక్కాయి. అదే జాగాలో స్లాబు ఇల్లు లేచేదాకా మియాపూర్‌లో కూతురి దగ్గరుంటానని అంజమ్మ నాతోపాటే బస్సెక్కింది. పాత ఇల్లు పోతోందని బాధపడడానికి వెళ్ళినవాణ్ణి నేను. ఆ బస్సులో బాధ నా ఒక్కడికే ఉన్నట్టుంది. పక్కన ఆమె పండగకు పోతున్నంత హాయిగా కూర్చుంది. కాసేపటికి ఏదో తోచి ఇటు తిరిగింది.

"రెండేండ్లకోపాలి గడ్డి మార్చాలె. లేకుంటె ఎలుకలు, తేళ్ళు, మీదికెల్లి నీళ్ళు. ఆ ఆఫీసోల్లకు ఎర్కేనా?"

"తెలియదనుకుంటానమ్మా. మా మూర్తితో చెప్పమంటారా?"

"చెప్పకు సారూ," అంది మెల్లగా. "నలభై ఏండ్లు నేను పడ్డ. ఇగ ఆ ఫికర్ వాళ్ళది."