రెండు మెట్లు మిగిలిపోయిన జంపఖానా

ఈ విషయం మీద నేను ఇప్పటికి పద్నాలుగు దరఖాస్తులు పంపాను. అందులో మూడు రిజిస్టర్డు పోస్టులో. ఒక్కదానికీ జవాబు లేదు. దరఖాస్తు అందిందా, అందితే ఏ బల్ల కాలు కింద ఎత్తుకు పెట్టారు అన్న సంగతి కూడా ఎవరూ తెలియజేయలేదు. పత్రికవాళ్లకు రాస్తే స్థలాభావం అన్నారు. (అదే వారం అదే పేజీలో ఎవరి పెరట్లోనో కాసిన పెద్ద గుమ్మడికాయ బొమ్మ వేశారు. నేను కత్తిరించి దాచాను.) అందుకని ఇక మీకే చెప్పుకుంటున్నాను. మీరైనా చివరిదాకా వినండి.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, వరంగల్లో మాలాంటి ఇళ్లలో సెలవుకని ఊరు వెళ్లడం అనే పని ఉండేది కాదు. పెళ్లికి వెళ్లేవాళ్లం, చావుకు వెళ్లేవాళ్లం, రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్లేవాళ్లం. ఊరికే కూర్చోవడానికి బస్సు టికెట్టు కొనుక్కుని పోవడమేమిటని అడిగేవాళ్లు. మా ఇళ్లలో నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. మా బాపు జంపఖానాలు నేసేవాడు. పొద్దున్నే మగ్గం ముందు కూర్చుంటే మళ్లీ దీపాల వేళకు లేచేవాడు. ఆయన పని లేకుండా కూర్చోవడం నేను చూసింది క్షవరం చేయించుకునేటప్పుడు, గ్రహణం పట్టినప్పుడు మాత్రమే. నాకు కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఉద్యోగుల కోసం అడవి అంచున, ఒక పెద్ద చెరువు గట్టు మీద హాలిడే హోం ఉందనీ, సరుకులు తీసుకుపోయి మనమే వండుకుని ఉండవచ్చనీ తెలిసింది. (ఏ చెరువో రాయను. రాస్తే సంబంధిత అధికారులు అది మాది కాదంటారు.) మూడుసార్లు దరఖాస్తు పెట్టి, నాలుగోసారి స్వయంగా వెళ్లి నిలబడి, మూడు రోజులకు గది సంపాదించాను. నా పట్టుదల ఒక్కటే. ఆ మూడు రోజులూ మా బాపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి.

బాపు, అవ్వ, నేను ముగ్గురం బియ్యం, పప్పు, కారం, చింతపండు, పచ్చడి జాడీతో సహా బస్సు దిగాం. అక్కడ రెండంతస్తుల పాత భవనం, నాలుగు వాటాలు. ఒక్కో వాటాకు పెద్ద గది, వంటగది, చెరువు వైపు వరండా. గోడల సున్నం పొరలుగా లేస్తోంది. కిటికీ రెక్కలు ఒకసారి తెరిస్తే మూయడానికి రావు, మూస్తే తెరవడానికి రావు. మిగతా మూడు వాటాలూ ఖాళీ. నీళ్లు గట్టును తాకే చప్పుడు, ఎక్కడో ఒక పిట్ట, అంతే. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లిన చౌకీదారును నేను మనసులో చాబీల మామ అనుకున్నాను. ఆయన నడుముకు ముప్పై తాళంచెవులు వేలాడేవి, ఏ ఒక్కటీ ఏ తాళానికీ పట్టేది కాదు. చివరికి తలుపు భుజంతో నెట్టి తెరిచేవాడు. మా అవ్వ తిన్నగా వంటగదిలోకి వెళ్లి చూసి, బయటికి వచ్చి నన్ను అడిగింది. "వంట ఈడ గూడ నేనే చెయ్యాల్నంటే, మరి మన ఇల్లు ఏం పాపం చేసింది రా?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది, కోపం వస్తే కాగితం తీస్తాను. సాయంత్రానికల్లా పదకొండు అంశాలతో ఫిర్యాదు తయారయింది. కుళాయి తిప్పితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. మంచం ఒక కాలు పొట్టి. ఇచ్చిన ఆరు గిన్నెల్లో నాలుగింటికి మూతలు లేవు, మూతలు రెండింటికి గిన్నెలు లేవు. కిరోసిన్ స్టవ్వు పొగ తప్ప మంట ఇవ్వదు. (దీని గురించి చాబీల మామను నిలదీస్తే, "దానికి జర అలవాటు కావాలె సార్. మీరు పోయే యాళ్లకు మంచిగ మండుతది" అన్నాడు.) తొమ్మిదో అంశం గదిలో పరిచిన జంపఖానా గురించి. చిరిగి, వెలిసి, గౌరవనీయులైన మనుషులు కూర్చోవడానికి పనికిరానిదని రాశాను. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను.

మర్నాడు పొద్దున బాపు ఆ జంపఖానా మీదే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఒక చేతిలో గ్లాసు, రెండో చెయ్యి అంచు వెంట ఊరికే పాకుతోంది. ఆ అంచు పొడవునా మెట్లు మెట్లుగా లేచే ఎర్రని గోపురాలున్నాయి. ఒక చోట చెయ్యి ఆగింది. గ్లాసు కింద పెట్టి, వంగి, వేలితో లెక్కపెట్టాడు. పక్క గోపురాన్ని లెక్కపెట్టాడు. మళ్లీ మొదటిది.

"గిది నేను నేసిందే. ఇరవై ఏండ్లయితది," అన్నాడు.

నేను నమ్మలేదు. వరంగల్లో ఎన్ని మగ్గాలు, ఎన్ని జంపఖానాలు, ఇరవై ఏళ్ల కిందటిది ఎలా గుర్తుపట్టావు అని అడిగాను.

"నేసింది గుర్తుండది బిడ్డా. తప్పు గుర్తుంటది."

జంపఖానా మగ్గం వెడల్పాటిది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, చెరో సగం నేస్తారు. పువ్వో గోపురమో వేసేటప్పుడు ఒకరు లెక్క పైకి చెబుతుంటే రెండోవాళ్లు అందుకోవాలి. ఈ జంపఖానా నేసిన రోజుల్లో బాపు పక్కన కూర్చునేది మా మేనమామ, అంటే మా అవ్వ తమ్ముడు. కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ ఒకరి మొహాన పడేది. ఎండకు అడ్డుగా గోనెపట్టా ఎటువైపు కట్టాలన్న దాని మీద ఇద్దరికీ మాటామాటా పెరిగింది. మాటలు మానేశారు, పని మానలేదు. పదకొండు రోజులు నోరు విప్పకుండా పక్కపక్కన కూర్చుని నేశారట. సరిగ్గా ఇద్దరి సగాలూ కలిసేచోట ఒక గోపురానికి ఏడు మెట్లు ఉండాల్సింది ఆరే పడ్డాయి. లెక్క చెబితే ముందు మాట్లాడినట్టవుతుందని ఎవరికి వారు ఊరుకున్నారు. కొన్నవాళ్లు చూసుకోలేదు, పైగా మెచ్చుకున్నారు. మా మేనమామ ఆ కోపంతోనే బొంబాయి దగ్గరి భీవండికి, అక్కడి పవర్‌లూమ్‌లకు వెళ్లిపోయాడు. అక్కడే జ్వరంతో పోయాడు. ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోనే లేదు.

అవ్వ వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ గోపురం చూసింది. తర్వాత, "తప్పు మా తమ్ముని దిక్కు ఉన్నదని చెప్పకు. నడుమల ఉన్నది," అంది.

"నడుమలనే అంటాన," అన్నాడు బాపు.

ఆ తర్వాత రెండు రోజులు నా సెలవు ఏమైందో మీరే ఊహించుకోండి. బాపు చాబీల మామ దగ్గర దబ్బనం అడిగి తీసుకున్నాడు. (అంశం తొమ్మిదిలో నేను పేర్కొన్న చిరిగిన కొస ఉందే, అందులోంచే వెలిసిన ఎర్రనూలు ఒక్కో పోగే లాగి పోగుచేశాడు. కొత్తనూలైతే రంగు కలవదట.) ఆ ఒక్క గోపురాన్ని పూర్తిగా విప్పేసి, ఈసారి ఏడు మెట్లూ పడేలా కింది మెట్టు నుంచి మళ్లీ దబ్బనంతో అల్లడం మొదలుపెట్టాడు. పడుగు దారాలు కనిపించాలంటే వెలుతురు కావాలి కనుక పొద్దునా సాయంత్రం వరండాలో, మధ్యాహ్నం గదిలో. అవ్వ పక్కన కూర్చుని, తన తమ్ముడు చెప్పాల్సిన లెక్క తను చెప్పేది. ఆమెకు పడుగూ పేకా తెలియనిదేం కాదు. మధ్యలో లేచి అన్నం వార్చి వచ్చేది, ఎక్కడ ఆగిందో మర్చిపోయేది కాదు. చాబీల మామ కూడా గడపలో చతికిలబడి చూసేవాడు. చెరువులో పట్టిన చేపలు తెచ్చి ఇచ్చేవాడు. ముగ్గురూ నవ్వుకునేవారు. స్టవ్వు కూడా, ఆయన చెప్పినట్టే, మండడం మొదలుపెట్టింది. నేను ఒక్కణ్నే చెరువు ముందు కుర్చీ వేసుకుని, మా బాపు కోసం తెచ్చిన విశ్రాంతి అంతా నేనే తీసుకుంటూ, మండిపడుతూ కూర్చున్నాను. "బాపూ, ఇక్కడికి పని చెయ్యడానికి వచ్చినమా?" అంటే, "ఇది పని కాదు రా" అనేవాడు తలెత్తకుండా.

మూడో రోజు మధ్యాహ్నానికి ఐదు మెట్లు అయ్యాయి. మా బస్సు సాయంత్రం ఐదింటికి. సరిగ్గా అప్పుడు ఒక జీపు వచ్చింది. ఎవరో పెద్ద అధికారి చెరువు చూడటానికి వచ్చి, ఒక గంట చాయ్ తాగడానికి ఆగుతాడట. చాబీల మామ నసుగుతూ, వరండా కుర్చీలు, మా దగ్గరున్న మంచి గ్లాసులు ఒక గంట ఇమ్మన్నాడు. అంతే. అనుమతి పత్రం తీసి ఆయనకు చూపించాను. మూడు రోజుల పాటు సకల సామగ్రితో అని రాసి ఉంది. నేను గుమాస్తాననే కదా, మావాళ్లు నేతపనివాళ్లనే కదా అని అడిగాను. ఆయన పాపం, "అట్ల కాదు సార్, గాయన గంటల పోతాండు" అన్నాడు. గ్లాసులు ఇవ్వను, ఈ క్షణమే నిరసనగా గది ఖాళీ చేస్తున్నాను, ఖాళీ చేసిన టైము కూడా ఫిర్యాదు పుస్తకంలో రాస్తాను అన్నాను.

"ఇంక రెండు మెట్లే బిడ్డా," అన్నాడు బాపు. "గ్లాసులు గాయనకిచ్చెయ్. మనం చెంబుతోని తాగుదం. జరసేపు ఆగు."

నేను ఆగలేదు. ఆగితే నిరసన కాదు కదా.

ఫిర్యాదు పుస్తకంలో పదకొండు అంశాలూ ఎక్కించి పన్నెండోదిగా గ్లాసుల సంగతి చేర్చాను. తొమ్మిదో అంశం దగ్గర కలం ఒక్క క్షణం ఆగిన మాట నిజం. కానీ కొట్టివేతలున్న ఫిర్యాదు బలహీనంగా కనిపిస్తుంది. వాక్యం కూడా బాగుంది. అలాగే ఉంచి సంతకం పెట్టాను. మూడు గంటలకే బయటపడి, ఎండలో గట్టు కింద రాయి మీద ముగ్గురం రెండు గంటలు కూర్చున్నాం, బస్సు ఐదింటికే కనుక. జీపు నాలుగింటికల్లా వెళ్లిపోయింది. మా ముందు నుంచే వెళ్లింది. చాబీల మామ మా దగ్గరకు పరుగున వచ్చాడు, నాతో కాదు, బాపుతో మాట్లాడాడు. "అన్నా, దాని మీద బల్ల పెట్టిన. ఎవర్ని తొక్కనియ్య. మళ్ల వచ్చినప్పుడు పూర్తి చేద్దువు." బాపు దబ్బనం తిరిగి ఇచ్చాడు. ఆయన వద్దని మళ్లీ బాపు చేతిలోనే పెట్టాడు.

ఎనిమిది నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. నా జీవితంలో ప్రభుత్వం నాకు జవాబిచ్చింది ఆ ఒక్కసారే. నేను దాన్ని మగ్గం పక్కన నిలబడి, ఇరుగుపొరుగుకు వినబడేలా చదివాను. తమ ఫిర్యాదులోని తొమ్మిదో అంశాన్ని పరిశీలించి, పాత జంపఖానాలన్నీ తొలగించి కొబ్బరి పీచు చాపలు పరిచామనీ, మిగిలిన అంశాలు పరిశీలనలో ఉన్నాయనీ అందులో ఉంది. చదువుతూ చదువుతూ, తొలగించి అన్న మాట దగ్గర నా గొంతు తగ్గింది. మగ్గం ఆగింది. అవ్వ నా వైపు చూడలేదు.

"మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నాడు బాపు. చేతిలోని నూలు సర్దుకున్నాడు. "జర తక్కువ మంచిగ రాస్తే అయిపోతుండె."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను జవాబు చెప్పేవాణ్ని, అలిగేవాణ్ని, తేదీతో సహా గుర్తుపెట్టుకునేవాణ్ని. ఆ తర్వాత ఆరేడేళ్లకు, ఎనభైల మధ్యలో, ఆయన పోయాడు. దబ్బనం అప్పటిదాకా మగ్గం పైకర్రలో గుచ్చే ఉండేది, ఒక ఎర్రపోగుతో. ఆయన పోయాక నేను ఆ హాలిడే హోంకు వెళ్లాను. కొత్త చౌకీదారు, కొత్త తాళాలు. ప్రతి చెవీ దాని తాళానికి సరిగ్గా పట్టింది. పాత సామాను ఎటు పోయిందో ఆయనకు తెలియదు. కిటికీ మాత్రం ఇంకా మూతపడలేదు. ఫిర్యాదు పుస్తకం ముందుకు జరిపాడు. జీవితంలో మొదటిసారి ఏమీ రాయకుండా వెనక్కి నెట్టాను.

ఇంటికొచ్చాక రాయడం మొదలుపెట్టాను. నాకు గ్లాసుల సంగతి గుర్తుంది, అయినా ఆ అంశం వదులుకుంటున్నాను. కుళాయి వదులుకుంటున్నాను, మంచం వదులుకుంటున్నాను. ఒక్కటే అడుగుతున్నాను. ఆ జంపఖానాను ఏం చేశారు? వేలం వేశారా, ఏ గోదాములో చుట్టి పడేశారా, ఎవరి ఇంటికైనా వెళ్లిందా? ఎర్ర గోపురాల అంచు. నడిమధ్యలో ఒక గోపురానికి ఐదు మెట్లే ఉంటాయి, పైన రెండు మెట్ల మేర పడుగు బోసిగా ఉంటుంది. మీ ఇంట్లో ఉంటే తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఒక పూట నన్ను దాని ముందు కూర్చోనివ్వండి. నాకు నేత రాదు, కానీ లెక్క చెప్పడానికి అవ్వ ఉంది. తొంభై దగ్గరపడుతోంది, లెక్క మాత్రం తప్పదు. దబ్బనం నా దగ్గరే ఉంది. ఇది పదిహేనో దరఖాస్తు. దీనికైనా జవాబు ఇవ్వండి.