వడియాల చోటు

డాబా మీద సోలార్ పలకలకు లోన్ ఇచ్చే ముందు ఇల్లు చూసి రావడం బ్యాంకులో జయకృష్ణ పని. ఉయ్యూరులో ఏ ఇంటికి వెళ్లినా ముందు కరెంటు బిల్లు అడగడు. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, "వడియాలు ఎక్కడ ఎండబెడతారండీ?" అని ఇంటావిడను అడుగుతాడు. పొద్దంతా ఎండ పడే చోటు ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. చూపించిన చోట సుద్దముక్కతో గీత గీస్తాడు. మొన్న పద్మావతమ్మ గారు చోటైతే చూపించారు గానీ, గీత పడగానే వెళ్లి దాని మీద నిలబడ్డారు. "మరి నా వడియాలు ఎక్కడ పెట్టుకోనండీ? మీ ఇంట్లో పలకలు ఎక్కడ పెట్టారు?"

జయకృష్ణ సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "మా ఆవిడ ఇంకా చోటివ్వలేదండీ."

పద్మావతమ్మ గారు నవ్వి పక్కకు జరిగారు. "ఒక మంచం పట్టేంత వదిలి గీయండి. ఇంట్లో కూడా అలాగే అడిగి చూడండి."