మా అత్త ఉలవచారులో నేను కలిపింది

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్త అనేది. నిజమే. వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా పొద్దు గూకేలోపల నా నోటి గుండా నాలుగిళ్ళకు చేరేది. అలాంటిదాన్ని ఒక్క సంగతి మాత్రం ఏళ్ళ తరబడి కక్కలేక మింగలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే రాయలేను. మా నాయన వీధిబడి పంతులు గనుక నాకు నాలుగక్షరాలు వచ్చు. అవి ఇందుకు పనికొస్తాయని ఆయన అనుకుని ఉండడు.

చెప్పాల్సింది ముందే చెబుతాను. మా అత్త జబ్బు గురించి డాక్టరు అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పాను. అందువల్ల ఆమెకు అందాల్సిన మందు అందలేదు. ముందు కాళ్ళు పోయాయి, తర్వాత మనిషే పోయింది.

మాది ఆలూరు వైపు పల్లె, మగ్గం మీద బతికే ఇల్లు. మెడలో లింగం కట్టుకునే వాళ్ళం. నీచు వండిన గిన్నె మా గడప దాటి వచ్చిందంటే గిన్నెతో పాటు తెచ్చిన మనిషినీ వెళ్ళగొట్టే ఇల్లు. మా ఆయన మగ్గం గుంతలో కూర్చుంటే మా అత్త రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. జబ్బు ముందు ఆమె వేళ్ళలో కనిపించింది. దారం తెగినా తెలియక ఉత్త రాట్నం తిప్పుతూ ఉండేది. తర్వాత నాలుక నున్నగా, ఎర్రగా అయి, ఇంత కారం తగిలినా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ముఖం పసుపుపచ్చగా పాలిపోయింది. కొందరు కామెర్లన్నారు, కొందరు గాలి సోకిందన్నారు. నడుస్తుంటే కాళ్ళ కింద దూది పరిచినట్టుండాదని ఆమె అంటే నేను నవ్వాను కూడా. ఒక పొద్దున ముఖం కడుక్కోవడానికి కళ్ళు మూసుకున్నది మూసుకున్నట్టే పక్కకు పడిపోయింది. అప్పుడు బండి కట్టి ఆలూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఆ ఆసుపత్రి డాక్టరు నెమ్మదస్తుడు. నాలుక చూశాడు, కంటి రెప్పలు వంచి చూశాడు, కళ్ళు మూయించి నిలబెట్టి చూశాడు. ఇది ఒంట్లో రక్తం తగ్గిపోయే ఒక జబ్బులా ఉందనీ, ఈ దేశంలో అరుదనీ, దీనికి మందు జంతువుల కాలేయం, అంటే కార్జమేననీ అన్నాడు. ఆ మాటకు మా ఆయన లేచి నిలబడ్డాడు. ప్రాణం పోయినా మా అమ్మ నోట్లో నీచు పెట్టేది లేదన్నాడు. డాక్టరు కోప్పడలేదు. దాని సారం తీసి చేసిన సూదిమందు ఉందనీ, పట్నం నుంచి తెప్పించాలనీ, అయితే రక్తపరీక్షలో జబ్బు తేలితేనే తెప్పించగలననీ చెప్పాడు. పరీక్షకు కావలసిన సామాను రాగానే కబురు చేస్తానన్నాడు. సూదైతే నోట్లోకి పోదు గదా, దోషమేముందని మా ఆయన సమాధానపడ్డాడు. మా మగవాళ్ళ మడి నాలుక దగ్గరే ఆగిపోతుంది.

కబురు ఎంతకీ రాలేదు. మా అత్త అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోతుండేది. నేను ఆ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు పడుగుకు గంజి పట్టించడం నేర్పిన మనిషి, తిట్టినా తన కంచంలోది నాకు తీసి పెట్టిన మనిషి, నా కళ్ళ ముందే ఎండిపోతుంటే ఊరికే ఉండలేకపోయాను. పక్కిల్లు దూదేకుల హుసేనమ్మది. ఆమెను అడిగాను. ఆమె కార్జం తెచ్చి, కాసేపు మాత్రమే ఉడికించి, తన రోట్లో మెత్తగా రుబ్బి చెంబులో ఇచ్చేది. ఇస్తూ ఒకరోజు, "పాపమైతే సగం నా నెత్తినేసుకుంటాలే మే, ముసిలామె బతకనీ" అంది. నేను దాన్ని చిక్కటి ఉలవచారులో కలిపి, పులుసూ వెల్లుల్లీ దట్టించి పోసేదాన్ని. ఉలవచారు ఎంత నలుపైనా దాచుకుంటుంది, ఎంత వాసనైనా మింగేస్తుంది. మా అత్త అరచేతిలో లింగం పెట్టుకుని పూజ చేసుకునేది, నేను పక్కనే ఆ గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని. అయినా పోసేదాన్ని.

ఆమె తేరుకుంది. నాలుక మంట పోయింది. బుగ్గలకు రంగొచ్చింది. "ఈమధ్య నీ చేతికి రుచొచ్చినాది మే" అని నవ్వింది. కాళ్ళ మొద్దుదనం మాత్రం అలాగే ఉండేది, కానీ కూర్చున్న చోట కూర్చుని కండెలు చుట్టేది. నాకెంత సంతోషమో చెప్పలేను. దొంగతనంగా చేసినదైనా మంచిదేనని నన్ను నేను మెచ్చుకున్నాను.

అప్పుడు వచ్చింది కబురు.

డాక్టరు మా అత్త వేలు పొడిచి రక్తం తీశాడు. ఒక చుక్కను కాగితం మీద అద్ది ఎరుపు రంగుల వరసతో పోల్చాడు. ఇంకో చుక్కను గాజుపలక మీద పూసి, రంగేసి, దుర్భిణి లాంటి దానిలో చాలాసేపు చూశాడు. మళ్ళీ చూశాడు. లేచి వచ్చి మా ఆయన్ను కాదు, నన్ను అడిగాడు. వండి పెట్టేది నేనే గనుక అనుకుంటాను.

"అమ్మా, మనిషిని చూస్తే ఆ జబ్బే అనిపిస్తోంది. రక్తం చూస్తే కాదంటోంది. ఈమధ్య ఈమెకు మాంసం గాని కార్జం గాని పెట్టారా?"

మా ఆయన నా వైపు తిరిగాడు. మా అత్త మంచం మీద కూర్చుని మెడలో లింగాన్ని సవరించుకుంటోంది.

"తప్పు పట్టను. తినుంటే ఈ పరీక్షను నమ్మడానికి లేదు. అప్పుడు దీన్ని పక్కన పెట్టి సూదిమందు తెప్పిస్తాను. నిజం చెప్పండి."

"ల్యా సామీ. మా ఇంట్లో అదెట్ల పెడతాం?"

అంతే. నోరు తడబడలేదు. అంత సులువుగా వస్తుందని నాకే తెలియదు. ఎవరికి భయపడ్డాను? మొగుడికా, కులానికా? ఇద్దరికీ. కానీ అందరికంటే ఎక్కువగా ఆమెకే భయపడ్డాను. ఇన్నాళ్ళూ తను తిన్నదేమిటో తెలిస్తే ఆ మనిషి నన్ను ఎలా చూస్తుందో, ఆ చూపు తట్టుకోలేననుకున్నాను. బయట బండి దగ్గర డాక్టరును ఒంటరిగా పట్టుకుని చెప్పొచ్చునన్న ఆలోచన అప్పుడు రాలేదని చాలాకాలం అనుకున్నాను. వచ్చింది. బండెక్కేశాను.

జబ్బు అది కాదని తేల్చి బలానికి ఏదో టానిక్కు ఇచ్చి పంపాడు. దారంతా మా ఆయన సంబరం. నీచు ముట్టకుండానే అమ్మకు రక్తం పట్టింది, లింగయ్య చల్లగా చూసినాడని ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. నేనూ సంబరపడ్డాను. రక్తం బాగుందంటే నా వైద్యం పూర్తయిందనుకున్నాను. మర్నాడు హుసేనమ్మ గోడ మీదుగా చెంబు చాచితే ఇంక వద్దక్కా అన్నాను.

కొన్ని నెలలకు మళ్ళీ ముఖం పాలిపోయింది. ఈసారి కాళ్ళు కొయ్యబారాయి. గోడ పట్టుకుని నడిచింది, తర్వాత పాకింది, తర్వాత మంచం పట్టింది. హుసేనమ్మ ఎక్కడికీ పోలేదు, పక్కింట్లోనే ఉంది. నేను అడగలేదు. ఎందుకు అడగలేదు? ఆ జబ్బు కాదని డాక్టరే అన్నాడు గదా, ఇది వాతమేమో, మళ్ళీ ఆ పాపం ఎందుకు చేయాలి అని నాకు నేను చెప్పుకున్నాను. చూశారా నా తెలివి? నేను చెప్పిన అబద్ధం వల్ల డాక్టరు చెప్పిన మాటను నేనే పట్టుకుని వేళ్ళాడాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు బతికాను.

ఒకరోజు ఆమె, "అప్పుడు చేస్తాంటివే మే ఉలవచారు, అది రోంత కాయ్. అది తాగినప్పుడు పానం బాగుండె" అంది. కాచాను. ఉత్త ఉలవలతోనే కాచాను. రెండు గుక్కలు తాగి, ఇది అది కాదు అని గిన్నె పక్కకు తోసింది. ఆమె చచ్చిపోయిన రోజు కంటే ఆ రోజే నాకు ఎక్కువ గుర్తొస్తుంది. తినాలో వద్దో, లింగమో ప్రాణమో, తేల్చుకోవాల్సింది ఆమె. నేను ఆమెకు తెలియకుండా పెట్టాను, తెలియకుండానే మానేశాను. ఒక్కసారీ అడగలేదు.

చివరి రోజుల్లో మా ఆయన ఆ డాక్టరును ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయన ఆమె పాదాలు గీకి చూశాడు, నాలుక చూశాడు. ఇప్పుడు మందు తెప్పించినా కాళ్ళు తిరిగి రావన్నాడు. పరీక్షను నమ్మి మోసపోయాననీ, మనిషిని చూసి మందివ్వాల్సిందనీ, తప్పు తనదేననీ మా ఆయనతో అన్నాడు. నేను వాకిలి తలుపు వెనుక నిలబడి విన్నాను. రెండడుగులు ముందుకేసి నిజం చెప్పి ఉంటే ఆ మనిషి భుజాల మీది బరువు దిగేది. నేను లోపలికి పోయి పొయ్యి ఊదాను.

మందు రాకముందే ఆమె పోయింది. మా ఆచారం ప్రకారం కూర్చోబెట్టి, చేతిలో లింగం పెట్టి సమాధి చేశారు. డాక్టరుకు బదిలీ అయింది. ఎక్కడికో తెలియదు. మా ఆయన బతికినన్నాళ్ళూ, చదువురాని డాక్టరు మా అమ్మను చంపినాడప్పా అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా నేను అక్కడే ఉన్నాను, మజ్జిగ ఇస్తూ. ఆయనా పోయిన ఏడు పోయాడు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సిన వాళ్ళు మీరు కారు. ఆ డాక్టరు ఎక్కడైనా బతికి ఉంటే, ఇంకా తనను తాను తిట్టుకుంటూ ఉంటే, ఈ మాట ఆయన చెవిన పడాలని మాత్రం ఉంది. డాక్టరు సామీ, ఆ పొద్దు మీరడిగిన దానికి జవాబు ఇది.

తినింది సామీ. నేనే పెట్టినా.