దూడను పిలిచినట్టు పిలిచారు

మా ఇంట్లో మూడో గది నాది. కొడుకు పెళ్ళి చేసుకుని వేరే ఫ్లాటుకు వెళ్ళాక అందులో నా కుట్టుమిషను పెట్టుకున్నాను, ఒక పడక్కుర్చీ వేసుకున్నాను. సింగపూర్ టోవా పాయోలో పదకొండో అంతస్తు, కిటికీ తీస్తే గాలే గాలి. అరవై ఏడేళ్ళ వయసులో, తలుపు వేసుకుని నాకోసం నేను కూర్చోవడానికి దొరికిన మొట్టమొదటి చోటు అది. దాన్ని మొన్నామధ్య నాకు మాటమాత్రం చెప్పకుండా ఇచ్చేశారు. ఇచ్చినవాడు నా మొగుడు. పుచ్చుకున్నవాడు మా ఇద్దరికీ చిన్ననాటి స్నేహితుడు.

ఆ స్నేహితుడు పెళ్ళి చేసుకోలేదు. ఊరికి ఆ చివర బూన్ లేలో ఒక్కడే ఉంటాడు. మా పెళ్ళయిన దగ్గరనుంచీ, అంటే నలభై ఎనిమిదేళ్ళుగా, ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. ట్రైను దిగి, సంచిలో రెండు బొప్పాయిలో నాలుగు కమలాలో పట్టుకుని వస్తాడు. తింటాడు. "బాగుంది" అంటాడు. వెళ్ళిపోతాడు. ఆ ఒక్క "బాగుంది" కోసం నేను ఎన్ని ఆదివారాలు పులుసు రెండేసిసార్లు రుచి చూసుకున్నానో మా ఆయనకు తెలియదు. తెలియదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

పోయిన నెల అతను స్నానాలగదిలో జారిపడ్డాడు. తుంటి ఎముక చిట్లింది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు. గది సంగతి బయటపడిన ఆదివారం క్లెమెంటి నుంచి మా అమ్మాయి కూడా వచ్చింది. భోజనాలయ్యాక నలుగురం మా బ్లాకు కింద కోపీ కొట్టులో, అంటే ఇక్కడి కాఫీ హోటల్లో, కూర్చున్నాం. మా ఆయన కప్పు కింద పెట్టి, మూతి తుడుచుకుని, ఏదో శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

"వచ్చే నెలనుంచి వీడు మనింట్లోనే ఉంటాడు. మూడో గది ఇచ్చీసాను. మిషను హాల్లో పెట్టించీ."

"నన్ను అడిగారా?" అన్నాను.

"అడగడానికేటుంది? అప్పుడు వాడు నాకిచ్చాడు, ఇప్పుడు నాను వాడికిస్తున్నాను."

"వాట్ డిడ్ అంకుల్ గివ్ యూ, డాడీ?" అంది మా అమ్మాయి.

"మీ అమ్మని!" అని మా ఆయన టేబులు మీద చరిచి పకపకా నవ్వాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన కథ అర్థం కావాలంటే మా పాకల సంగతి తెలియాలి. మేం ముగ్గురం ఈ సింగపూర్‌లోనే పశువుల మధ్య పుట్టి పెరిగామంటే మా మనవలు నమ్మరు. ఇప్పుడు పెద్ద రోడ్డు మీద కార్లు దూసుకుపోతున్న చోట అప్పట్లో వరసగా పశువుల పాకలు ఉండేవి. రేకుల కప్పులు, చీలమండ లోతు పేడ, ఎటు చూసినా ఈగలు. మా తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఏ పనీ కుదరక చివరికి తెలిసిన పనే పెట్టుకున్నారు. ఆవుల్ని మేపడం, పాలు పితకడం, సైకిలుకు క్యాన్లు కట్టి ఇంటింటికీ పోయడం. మట్టి దారికి ఒక కొసన మా ఆయన వాళ్ళ పాక, ఇంకో కొసన అతని వాళ్ళ పాక, మధ్యలో మాది. బడి వదలగానే ముగ్గురం కలిసి గడ్డి కోసుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు నేను "ఏమండీ" అంటున్న మనిషిని అప్పట్లో "ఒరే" అని పేడకుప్పలోకి తోసిన దాన్ని.

మేతకు వదిలినప్పుడు అందరి మందలూ కలిసిపోయేవి. పొద్దువాలాక ఏదో ఒక దూడ దగ్గర తగువు, ఇది మాదంటే మాదని. అప్పుడు పెద్దవాళ్ళు పిలుపు పెట్టేవారు. దూడను దారి మధ్యలో వదిలేస్తారు. తగువుపడ్డ ఇద్దరూ చెరో కొసన నిలబడి ఒక్కసారే పిలవాలి. అది ఎవరి దగ్గరికి నడిస్తే వాళ్ళది. ఓడినవాడు ఇక జన్మలో దాని ఊసెత్తకూడదు. ఒక్కటే షరతు. పిలిచే ముందు రెండు చేతులూ ఎత్తి చూపించాలి. చేతిలో తవుడు కాదుకదా, గడ్డిపరక కూడా ఉండకూడదు.

"ఇద్దరికీ ఇదే కావాలి," అని మా ఆయన అమ్మాయికి చెబుతున్నాడు. ఇది అంటే నేను, పక్కనే కూర్చుని ఉన్నాను. "కొట్టుకుంటే స్నేహం పోతాది. అంచేత పిలుపు పెట్టుకున్నాం. సాయంత్రం పూట ఇది దారి మధ్యన నిలబడున్నాది. ఆ కొసన వాడు, ఈ కొసన నాను. ఇద్దరం ఒక్కపాలే పిలిచాం. నా కాడికి ఒచ్చీసింది. అంతే! వాడు మరి నోరెత్తనేదు. అదీ స్నేహమంటే!"

"అమ్మకి తెలుసా అప్పుడు?"

"చెప్తే మరింకేటి న్యాయం? దూడకి చెప్తామేటి?"

"వా, సో రొమాంటిక్ లా!" అంది నా కడుపున పుట్టిన కూతురు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా అతను కోపీ కప్పులోకి చూస్తూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఇద్దర్నీ నాలుగు దులిపేద్దామనుకున్నాను గాని, కూతురి ముందు మానేశాను. లేచి పైకి వెళ్ళిపోయి నా గదిలో తలుపు గడియ వేసుకున్నాను.

ఆ సాయంత్రం నాకూ గుర్తుంది. నాకు గుర్తున్నది పిలుపు కాదు, చెంబు. మా అమ్మకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఇత్తడి పాలచెంబు. ఆ రోజు పొద్దున నూతి దగ్గర తోమి బోర్లించాను. మళ్ళీ వెళ్ళేసరికి లేదు. అమ్మ పొద్దస్తమానం తిడుతూనే ఉంది, చెంబు దొరక్కపోతే ఇంట్లో అడుగు పెట్టొద్దంది. ఏడ్చుకుంటూ దారిలో వెతుకుతుంటే ఇద్దరూ పిలిచారు. చూద్దును కదా, చెంబు ఇప్పటి మా ఆయన చేతిలో ఉంది. పరిగెత్తుకెళ్ళి లాక్కుని, ఇంట్లోకి ఉరికాను. పందొమ్మిదేళ్ళ పిల్లకు ఆ సాయంత్రమంటే అంతే, పోయిన చెంబు దొరికింది.

నాకు ప్రాణం అతనంటే. ఇప్పుడు రాయడానికి సిగ్గేమిటి! కొడవలి తగిలి నా వేలు చీరుకుపోయినప్పుడు తన చొక్కా చింపి కట్టినవాడు అతను. నెల రోజులు నా వంతు గడ్డి కూడా కోసి, మా పాక ముందు పడేసి, పిలవకుండా పోయేవాడు. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆ చెంబు సాయంత్రం తర్వాత మనిషి మారిపోయాడు. నేను నూతి దగ్గరికి వస్తే బిందె అలాగే వదిలేసి వెళ్ళిపోయేవాడు. నేనేం తప్పు చేశానో తెలియక, పాలు పితుకుతూ ఆవు పొట్టకు తల ఆనించి ఏడ్చిన రోజులున్నాయి. అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చేది.

ఆర్నెల్లు తిరిగేసరికి పాకలు ఖాళీ చేసి ఫ్లాట్లకు పొమ్మని కాగితాలొచ్చాయి. ఆ గందరగోళంలోనే మా ఆయన వాళ్ళమ్మ పిల్లనడగడానికి వచ్చింది. నేను సరేనన్నాను. ఎందుకన్నానంటే, అతని మీద కచ్చతో. నువ్వు కాదంటే నాకు మొగుడే దొరకడా అని. మా పెళ్ళి భోజనాల్లో అతను వరసలో తిరుగుతూ మజ్జిగ పోశాడు. నా విస్తరి దగ్గరికొచ్చి తల ఎత్తలేదు.

మా ఆయన చెడ్డవాడని చెప్పను. నోరు పెద్దదే గాని చెయ్యి మంచిది. నా రెండు కాన్పులకూ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయనతో సంసారం చేశాను, నవ్వాను, పోట్లాడాను. కానీ ఆ ఆదివారం గడియ వేసుకుని కూర్చున్నప్పుడు ఒక్కటే బుర్రలో తిరిగింది. పొద్దున పోయిన చెంబు సాయంత్రానికి ఈయన చేతికి ఎలా వచ్చింది? చేతులు ఖాళీగా ఉండాలి కదా?

ఆ వారమంతా నేను గిన్నెల చప్పుడుతోనే మాట్లాడాను. "ఏటయిందే?" అని ఆయన నాలుగుసార్లు అడిగాడు. నేను సోమవారం నుంచి శనివారం దాకా ఉప్పు తక్కువ వేసి వండాను. అతని మీద మాత్రం జాలి పుట్టింది. పాపం, మోసపోయాడు, తెలియక జీవితమంతా ఒంటరిగా ఉండిపోయాడు అనుకున్నాను. ఆ మోసం అతని ముందే బయటపెట్టాలని నిశ్చయించుకున్నాను.

మళ్ళీ ఆదివారం వంట చెయ్యలేదు. పెళ్ళయిన తర్వాత అది మొదటిసారి. అలమార మీదనుంచి చెంబు దింపి, సంచిలో వేసుకుని, ఇద్దర్నీ కింద కోపీ కొట్టుకు రమ్మన్నాను. వాళ్ళు కూర్చోగానే చెంబు తీసి టేబులు మీద ఠంగున పెట్టాను. బల్లలు తుడిచే చైనా ఆంటీ అది కూడా ఎంగిలి గిన్నె అనుకుని ట్రేలో వేసుకోబోయింది.

"ఆంటీ, నాట్ ఫినిష్!" అని అరిచాను. అటు పక్క టేబులువాళ్ళు కూడా తిరిగి చూశారు.

"ఆ రోజు చేతులెత్తి చూపించావా?" అని మా ఆయన్ని అడిగాను. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన్ని నువ్వు అన్నాను.

ఆయన తేలు కుట్టిన దొంగలా చూశాడు. చెంబు మీద వేలు పెట్టి, తీసేశాడు. చివరికి అన్నాడు, "నూతికాడ నుంచి నానే తీసి దాచీసాను. ఏటి సెయ్యమంటావు? నువ్వు వాడి కాడికే ఎల్తావని నాకు తెల్సు."

తెలుసట! అన్నీ తెలిసే, ప్రతి ఆదివారం నా చేత అతనికి వడ్డన చేయించాడు. కానీ ఆయన సంగతి తర్వాత. నేను అతని వైపు తిరిగాను. ఇప్పుడైనా లేస్తాడు, కర్ర ఎత్తుతాడు, కనీసం ఒక తిట్టయినా తిడతాడు అనుకున్నాను.

"నాకు తెలుసు," అన్నాడు అతను.

"ఏం తెలుసు?"

"చెంబు. అప్పుడే చూశాను." చెంబును నా వైపు జరిపాడు. "నువ్వు ముందు రెండడుగులు నా వైపే ఏశావు. అప్పుడు వాడు చెంబు పైకెత్తాడు. నువ్వు ఎనక్కి తిరిగావు."

రెండడుగులు వేశానట. నాకే గుర్తు లేదు. ఇన్నేళ్ళూ ఆ రెండడుగులు ఇతను ఒక్కడే దాచుకున్నాడు.

"మరి అప్పుడే అనొచ్చు కదా, ఇది పిలుపు కాదు, మోసం అని!"

"అంటే గొడవయ్యేది. స్నేహం పోయేది."

"నేను పోతే ఫర్వాలేదా?"

అతను చేతికర్ర అందుకున్నాడు. దొంగతనం చేసినవాడి మీద కంటే, చూస్తూ ఊరుకున్న ఈ పెద్దమనిషి మీదే కోపం ముంచుకొచ్చింది. నా మొగుడు నాకోసం చెంబు దొంగిలించాడు, సిగ్గూ శరం వదిలేశాడు. ఇతను నాకోసం ఒక్క మాట ఖర్చు పెట్టలేదు. పైగా త్యాగమని పేరు, ఆదివారం పప్పూ పులుసూ! నేను ఆ మాటలన్నీ అనేశాను, అందరూ వింటుండగానే. మా ఆయన "నెమ్మది, నెమ్మది" అంటున్నాడు. "నోర్ముయ్" అన్నాను.

ఆయన అలవాటు పోక, "అయిందేదో అయింది. మరి గది సంగతి..." అన్నాడు.

"గది నాది."

అప్పుడు అతను చేతికర్రను టేబులుకు ఆనించాడు. మా ఆయన వైపు చూడలేదు. నన్నే చూశాడు. కళ్ళ కింద అంత నలుపు వచ్చిందని నేను ఇంతకుముందు గమనించనేలేదు. "నేను రావచ్చా?" అన్నాడు.

"ఏమన్నావు?"

"నీ గదిలో ఉండడానికి రావచ్చా అని, నిన్నే అడుగుతున్నాను."

నా బతుకులో అతను నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి మాట అది. పందొమ్మిదేళ్ళప్పుడు ఇందులో సగం అడిగినా చాలేది.

"ఆలోచించుకుని చెప్తాను," అన్నాను.

"ఎప్పుడు చెప్తావు?" అన్నాడు మా ఆయన.

"నాకు తోచినప్పుడు."

లేచి చెంబు తీసుకుని లిఫ్టు వైపు నడిచాను. వెనకనుంచి ఇద్దరూ ఒక్కసారే పిలిచారు. నా చెంబు నా చేతిలోనే ఉంది. లిఫ్టు ఎక్కి పదకొండు నొక్కాను.